మధుమేహ పరిశోధన : యువపరిశోధకుల పెంపకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగము)



మధుమేహమన నేమో నేడు గ్రామములలో నెవరికిని విప్పి చెప్ప నక్కరలేదు. ‘షుగరు జబ్బు’ అను పేరు ప్రతి వీధిలోను వినవచ్చుచునే యున్నది. రోగి మూత్రము తేనెవలె తీయనగునని ప్రాచీనాయుర్వేద గ్రంథములు చెప్పినవి. కావున వ్యాధి పాతదే. దాని వ్యాప్తి మాత్రము కొత్తది. భారత వైద్య పరిశోధన మండలి పూనికతో సాగి, 2023వ సంవత్సరమున ప్రకటింపబడిన సర్వేక్షణము ననుసరించి ఈ దేశమున మధుమేహ రోగులు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వ్యాధి వాకిట నిలిచియున్నవారు 13 కోట్ల 60 లక్షలమంది.

ఈ వ్యాధికి వాడు ఇన్సులిను సూదిమందు 1922వ సంవత్సరమునకు పూర్వము ఏ రోగికిని దక్కలేదు. అంతకు ముందు ఈ వ్యాధి సోకిన బాలురు కొలది నెలలలోనో, కొలది యేండ్లలోనో ఎముకల గూడులై మరణించుచుండిరి. ఆహారమును మిక్కిలి తగ్గించి, ఆకలి బాధతో ప్రాణమును మరికొన్ని దినములు నిలుపుటయే నాటి వైద్యుల చేతనైన చికిత్స. ఆ మృత్యువును వెనుకకు ద్రోసిన వారెవరని యడిగినచో బాంటింగు, బెస్టు అను రెండు పేర్లు చెప్పుదురు. వారి వయస్సెంతయని అడుగువారు మాత్రము తక్కువ. పని ప్రారంభమైననాటికి ఒకనికి 29 ఏండ్లు; రెండవవానికి 22 ఏండ్లు.

పైరు పండినపుడు గాదెను జూచి సంతోషించువారు పెక్కురు. నారుమడికి నీరు పెట్టిన దెవరని విచారించువారు కొందరే. ఇన్సులిను గుణగణములు వైద్యులు చెప్పదగినవి. ఈ ప్రసంగమునకు విషయము నారుమడి సంగతి. అనగా మధుమేహమును, వినాళగ్రంథులను గూర్చి పరిశోధింప బూనిన యువకులు ఎట్లు పెరుగుదురు, ఎవరి చేయూతతో నిలుతురు, ఎచ్చట దెబ్బతిందురు అనునది.

మొదట ఆ శాస్త్రమును గూర్చి రెండు మాటలు. శరీరమందలి కొన్ని గ్రంథులు తమ రసమును నాళముల ద్వారా బయటికి పంపును. లాలాజలమును పుట్టించు గ్రంథు లట్టివి. మరికొన్నిటికి నాళములుండవు. అవి తమ రసమును తిన్నగ రక్తములోనే కలుపును. వీనినే వినాళగ్రంథులనియు, వాని రసములను హార్మోనులనియు అందురు. కడుపులో జీర్ణాశయమునకు వెనుక నుండు క్లోమము ఈ రెండు పనులను చేయును. జీర్ణరసమును నాళము ద్వారా ప్రేగులకు పంపుట ఒకటి. రక్తములోని చక్కెరను అదుపులో నుంచు రసమును రక్తములో గలుపుట రెండవది. ఈ రెండవ పని చెడినపుడు మధుమేహము కలుగును. ఇంత సులభముగ నేడు చెప్పుచున్న ఈ సంగతి తెలియుటకు ఏబదియేండ్లకు పైగా పట్టినది.

ఆ ఏబదియేండ్ల కథ సగరుని వంశకథవలె నున్నది. గంగను దెచ్చినవాడు భగీరథుడే. అంశుమంతుడును, దిలీపుడును గంగను జూడకయే గతించిరి. అయినను వారి తపస్సు లేనిచో భగీరథుని తపస్సునకు మొదలెక్కడిది?

1869వ సంవత్సరమున బెర్లినులో పాల్ లాంగర్‌హాన్స్ అను వైద్యవిద్యార్థి యుండెను. వాని వయస్సు ఇరువది రెండేండ్లు మించలేదు. పట్టము కొరకు సమర్పింపవలసిన వ్యాసమునకై ఆతడు క్లోమమును సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. జీర్ణరసమును పుట్టించు కణముల నడుమ, సముద్రములో లంకలవలె, వేరువిధమైన కణముల గుంపు లచ్చటచ్చట కనబడెను. చూచినది చూచినట్లు వ్రాసి, ‘ఇవి ఏమి పని చేయునో తెలియదు’ అని ఆతడు నిజాయితీతో ఒప్పుకొనెను. చిన్నవయసున పరిశోధన ప్రారంభించువాడు నేర్వదగిన మొదటి పాఠ మిదియే. తెలిసినదానిని తెలిసినట్లును, తెలియనిదానిని తెలియనట్లును వ్రాయవలెను. లెక్కలో లేని పైకమును జమకట్టినవాని పుస్తక మెంత అందముగ నున్నను తనిఖీలో నిలువదు.

లాంగర్‌హాన్స్ క్షయరోగపీడితుడై మదీరా ద్వీపమునకు జేరి, 1888లో నలుబదియొక్క యేండ్లైనను సంపూర్తిగ నిండకయే మరణించెను. తాను చూచిన లంకలలోనే మధుమేహ రహస్యమున్నదని ఆతనికి తెలియనేలేదు. 1893లో ఫ్రాన్సు దేశీయుడగు లాగెస్ అను పండితుడు ఆ గుంపులకు లాంగర్‌హాన్స్ పేరు పెట్టెను. ఇరువదినాలుగేండ్లు ఒక విద్యార్థి వ్యాసము ఎవరో ఒకరు తెరచి చదువుదురని యెదురుచూచినది.

ఈ నడుమ 1889లో స్ట్రాస్‌బుర్గు నగరమున ముప్పదియొక్క యేండ్ల మింకౌస్కీ, ఫాన్ మేరింగ్ అను వానితో గూడి ఒక కుక్కనుండి క్లోమమును పూర్తిగ తీసివేసెను. కుక్క బ్రతికెను, కాని దాని మూత్రములో చక్కెర కనబడెను. క్లోమము లేనిచో మధుమేహము వచ్చునని ఆనాడు రుజువైనది. ఇక ఆ క్లోమమునుండి చక్కెరనణచు రసమును బయటికి తీయగలిగిన చాలును. ముప్పది యేండ్లు ఎందరో యత్నించిరి. రుమేనియాలో పౌలెస్కో అను శాస్త్రజ్ఞుడు కుక్కలలో మంచి ఫలితములను సాధించి 1921లో ప్రకటించెను. కాని రోగికి నిర్భయముగ నీయదగిన మందు మాత్రము చేతికి రాలేదు.

ఇక కెనడాలోని కథ. ఫ్రెడరిక్ బాంటింగు రైతుబిడ్డ. మొదటి ప్రపంచయుద్ధములో సైనిక వైద్యుడై గాయపడి వచ్చినవాడు. 1920లో అంటారియో రాష్ట్రములోని లండన్ అను ఊర వైద్యశాల తెరచెను. రోగులు రాలేదు. మొదటి నెల సంపాదన నాలుగు డాలర్లు మాత్రమే. పొట్టకొరకు స్థానిక వైద్యకళాశాలలో స్వల్ప వేతనమునకు పాఠము చెప్ప మొదలిడెను. 1920 అక్టోబరు చివర ఒకరాత్రి, మరునాటి పాఠమునకు సిద్ధపడుచు, ఒక వైద్యపత్రికలో క్లోమమును గూర్చిన వ్యాసమును చదివెను. రాళ్లవలన క్లోమనాళము మూసికొనిపోయినపుడు జీర్ణరసకణములు నశించి, లంకలు మాత్రము నిలిచియుండునని అందులో నున్నది. నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున రెండు గంటలకు లేచి, నాళమును ముడివేసి, జీర్ణరసము నశించిన పిమ్మట లంకలనుండి రసమును తీయవలెనను తలపును పుస్తకములో వ్రాసికొనెను. ఆ వ్రాతలో వ్యాధి పేరునకే అక్షరదోషమున్నది.

పాఠక మహాశయులు ఇచ్చట నొక్క క్షణ మాగవలెను. ఆ తలపును బాంటింగునకు ఏ ప్రయోగశాలయు నీయలేదు. ఒక పత్రిక యిచ్చినది. బీదవైద్యుని చేతికి ఆ పత్రిక ఆ రాత్రి అందియుండనిచో ఆ తలపు పుట్టెడిదే కాదు.

తలపు పుట్టుట వేరు. దానిని నెరవేర్చుట వేరు. బాంటింగు శస్త్రవైద్యుడు, రక్తములోని చక్కెరను కొలుచుట వానికి రాదు, పూర్వము జరిగిన పరిశోధనలు తెలియవు. టొరంటో విశ్వవిద్యాలయములో శరీరధర్మ శాస్త్రాచార్యుడగు మెక్లియోడును ఆశ్రయించెను. ఆ యాచార్యుడు మొదట ఉత్సాహము చూపలేదు. ఎందరో పండితులు విఫలులైన పనిని ఈ అనుభవము లేనివాడు చేయునా యని సంశయించెను. అయినను త్రోసిపుచ్చలేదు. వేసవిలో ఖాళీగా నుండు గది, పది కుక్కలు, ఒక విద్యార్థి సహాయము, ఇంతవరకు ఇచ్చెను. మొదటి శస్త్రక్రియలో తానే చేరి పద్ధతి చూపెను. ఆ సహాయము ఎవరు చేయవలెనని బెస్టు, నోబుల్ అను ఇద్దరు విద్యార్థులు నాణెమెగురవేసి నిర్ణయించుకొనిరని ప్రసిద్ధి. పని 1921 మే 17న ప్రారంభమైనది.

మొదటి రెండు వారములలో పది కుక్కలలో ఏడు చచ్చిపోయెను. జూనులో మెక్లియోడు స్వదేశమగు స్కాట్లండునకు పోయెను. వేసవి యెండ, ఇరుకు గది, దుర్గంధము. బాంటింగునకు జీతము లేదు. బెస్టు కొలతలలో అశ్రద్ధ కనబడగా బాంటింగు కోపించి, పాత ద్రావణములన్నిటిని పారబోయించి, కొలతలన్నియు మరల మొదటినుండి చేయించెను. బెస్టు ఆ మాటకు లోబడి పని నేర్చుకొనెను. ఆనాటినుండి ఆతని అంకెలకు విలువ వచ్చినది. జూలై 30న 410 సంఖ్యగల కుక్కకు క్లోమరసము ఎక్కింపగా, ఒక గంటలో దాని రక్తమందలి చక్కెర నూటికి 0.20 వంతులనుండి 0.12కు దిగెను. కొలత తప్పుగ నున్నచో ఈ రెండంకెలకును అర్థమే లేకపోయెడిది.

సెప్టెంబరులో తిరిగి వచ్చిన మెక్లియోడు సంతోషించెను గాని సంతృప్తి చెందలేదు. మరల చేయుడు, మరియొక విధమున సరిచూడుడు అని పట్టుపట్టెను. బాంటింగునకు ఇది అవమానముగ దోచెను. జీతము, మంచి గది, కుక్కలను జూచు కుఱ్ఱవాడు కావలెనని అడిగి, ఈయనిచో వెడలిపోదునని బెదిరించెను. ఔషధశాస్త్రాచార్యుడగు హెండర్సను తన శాఖలో నొక పదవి నిచ్చి వానిని నిలిపెను. ఈ చిన్న సంగతిని చరిత్రలో పెద్దగ చెప్పరు. ఆనాడు ఆ జీతము దొరకనిచో బాంటింగు టొరంటోలో నిలుచుట దుర్లభము.

డిసెంబరులో కాలిప్ అను రసాయన శాస్త్రజ్ఞుడు చేరెను. ఆతనికిని ఇరువదితొమ్మిదేండ్లే. ఒక ధర్మసంస్థ యిచ్చిన ప్రయాణవేతనముతో ఏడాదిపాటు విద్యాభివృద్ధికై వచ్చినవాడు. ఆ నెలాఖరున అమెరికాలోని న్యూహేవెనులో పండితసభ జరిగినది. బాంటింగు లేచి మాటలాడెను; సభాకంపముచే సరిగ చెప్పలేకపోయెను. ప్రశ్నలకు మెక్లియోడు జవాబు చెప్పెను. బాంటింగు దానిని సహాయమనుకొనలేదు. తన ఫలమును అపహరించుటయే యనుకొనెను. చేసిన పనిని నలుగురిలో నిలిచి చెప్పుట గూడ విద్యయే. అది నేర్పకుండ యువకుని సభకు బంపుట, ఈత రానివానిని ఏటిలో దింపుటయే.

1922 జనవరి 11న టొరంటో ఆసుపత్రిలో పదునాలుగేండ్ల లెనార్డు థాంప్సను అను బాలునకు బాంటింగు, బెస్టులు చేసిన మందు ఎక్కించిరి. బాలుని బరువు 65 పౌనులు మాత్రమే. ఫలితము స్వల్పము; సూది పొడిచినచోట కురుపు లేచెను. కాలిప్ పగలు రేయి పనిచేసి, ఆల్కహాలు పాళ్లను మార్చి మార్చి, మలినములు విడిపోయి రసము మాత్రము అడుగున నిలుచు స్థితిని కనుగొనెను. జనవరి 23న ఆ మందు నిచ్చిరి. రక్తములోని చక్కెర 520 నుండి 120కి దిగెను. ఆ బాలుడు మరి పదమూడేండ్లు బ్రతికెను.

ఇట్టి శుభవేళనే కలహము పుట్టినది. మలినములను తొలగించు పద్ధతిని కాలిప్ చెప్పననుటయు, బాంటింగు వానిపై చేయి చేసికొనుటయు జరిగినట్లు చరిత్రకారులు వ్రాసిరి. జనవరి 25న అందరును గూర్చుండి, ఎవరును వేరుగ హక్కుపత్రము తీసికొనరాదనియు, పరస్పరము తెలియకుండ పద్ధతి మార్చరాదనియు ఒడంబడిక వ్రాసికొనిరి. వ్రాతపూర్వకమగు ఆ పత్రమే పనిని కాపాడెను. అన్నదమ్ముల నడుమ పొలము గట్టు వ్రాతలో లేనిచో ఏమగునో గ్రామవాసులకు చెప్పనేల? పరిశోధనలో గూడ ఎవరు ఏ పని చేసిరి, ఎవరి పేరు ఎచ్చట నుండవలెను అనునది మొదటనే నిర్ణయింపబడవలెను. ఫలము చేతికి వచ్చిన పిదప గట్టు వేయుట కష్టము.

1923లో నోబెల్ బహుమానము బాంటింగునకును, మెక్లియోడునకును కలిపి యిచ్చిరి. తన సహాయకుని విడిచిరని బాంటింగు కోపించి, తన సొమ్ములో సగము బెస్టునకు పంచెను. మెక్లియోడు తన సగములో సగము కాలిప్‌నకిచ్చెను. మందుపై హక్కును బాంటింగు, బెస్టు, కాలిప్ తలకొక్క డాలరునకు విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చిరి. సొమ్ము విషయమున ఇంత ఉదారులైన వారు పేరు విషయమున జీవితాంతము సమాధానపడలేకపోయిరి. మెక్లియోడు 1928లో టొరంటో విడిచి తన దేశమునకు బోయెను.

ఈ కథకు ఉత్తరభాగము మొదటి భాగముకంటె బోధకరమైనది. బాంటింగు బహుమానము పొందిననాటికి ముప్పదిరెండేండ్లు నిండీ నిండనివాడు. వైద్యశాస్త్రమున ఆ బహుమానమును అంత చిన్నవయసున పొందినవారు నేటివరకును లేరు. వాని పేర పీఠమును స్థాపించిరి, ధన మిచ్చిరి. కాని పరిశోధన పద్ధతిని ఓపికతో నేర్పువారు వానికి దొరకలేదు; నేర్చుకొను తీరికయు, వినయముగ విద్యార్థి కాగల యవకాశమును ఆ కీర్తియే వానికి లేకుండ చేసెను. క్యాన్సరు మొదలగు పెక్కు విషయములను యత్నించెను గాని అంతటి ఫలము మరల రాలేదు. 1941లో విమాన ప్రమాదమున మరణించెను.

బెస్టు మార్గము వేరు. ప్రసిద్ధి వచ్చిన పిదప గూడ ఆతడు పాఠశాలకు తిరిగి పోయెను. 1925లో వైద్యపట్టము పొంది, లండను మహానగరమున హెన్రీ డేలు అను ఆచార్యుని కడ శిష్యుడై, 1928లో శాస్త్రాచార్య పట్టము నందుకొని, మరుసటి యేట మెక్లియోడు విడిచిన పీఠమునే యధిష్ఠించెను. రక్తము గడ్డకట్టకుండ ఆపు హెపారిను అను మందు రోగులకు ఉపయోగపడునట్లు శుద్ధమగుటకు వాని శాఖలోని పరిశోధనలు తోడ్పడెను. ఒక్క తలపు మనుష్యుని కీర్తిమంతుని జేయవచ్చును. పరిశోధకుని జేయునది మాత్రము శిక్షణ. మరియొక చిత్రము: నాళమును ముడివేయవలెనను బాంటింగు మొదటి తలపు తుదకు అవసరమే లేకపోయెను. సరిగ తీసినచో మామూలు ఎద్దు క్లోమమునుండియే మందు వచ్చును. తలపులో దోషమున్నను కొలతలో దోషము లేనిచో దారి దొరకునని దీనివలన తెలియుచున్నది.

ఇట్లు చూచినచో యువపరిశోధకునకు కావలసినవి నాలుగు. మొదటిది, సంశయించుచునే చోటిచ్చు గురువు. రెండవది, ఆకలి లేకుండ నిలుపు వేతనము. మూడవది, తప్పు చేసి దిద్దుకొనుటకు కాలము. నాలుగవది, చేసినదానికి న్యాయమగు పేరు. ఈ నాలుగింటిలో ఏది తగ్గినను ప్రతిభ యెంత యున్నను పైరు ఎండును.

నాలుగవది లోపించిన చోటు మిక్కిలి దుఃఖకరము. ద్రోణుడు ఏకలవ్యునకు విద్య చెప్పలేదు, బొటనవ్రేలు మాత్రమడిగెను. శిష్యుని రాత్రింబవళ్ల పనిపై తన పేరు మాత్రము వ్రాసికొను గురువు నేటికిని లోకమున అరుదు కాడు. దీనికి ఎదురుగ నిలుచు గురువులును గలరు. తెలుగు బిడ్డయగు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరమునకు జేరి, పొట్టకై ఆసుపత్రిలో హీనమైన పనులను జేయుచు హార్వర్డులో చదివెను. ఆతని పని మధుమేహమును గూర్చినది కాదు. అయినను 1925లో, గురువగు ఫిస్కెతో గూడి, రక్తమూత్రములలో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటింపగా, అది ఫిస్కె–సుబ్బారావు పద్ధతియనియే లోకమున నిలిచినది. పేరు పంచుకొనుటవలన గురువునకు ఏమి తగ్గినది?

మధుమేహ శాస్త్రములోనే మరి రెండు దృష్టాంతములు చూడదగినవి. రోజలిన్ యాలో అను అమెరికా వనితకు భౌతికశాస్త్రమున పైచదువునకు మొదట తావు దొరకునను ఆశ లేకుండెను. శీఘ్రలిపి నేర్చుకొని ఒక ఆచార్యుని కడ లేఖకురాలుగ కుదిరినచో ఆ వంకతో నైనను చదువవచ్చునని తలచినది. 1941లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము వేతనముతో పిలువగా శీఘ్రలిపిని విడిచినది. పిదప న్యూయార్కులో బెర్సన్ అను వైద్యునితో గూడి, ఇన్సులిను తీసికొను రోగుల రక్తములో దానికి ప్రతిగా కొన్ని పదార్థములు పుట్టునని కనుగొనినది. ఆ వ్యాసమును పత్రికవారు తొలుత త్రిప్పి పంపిరి. మాట మార్చి 1956లో ప్రకటించిరి. ఆ దారిలోనే రక్తములోని అత్యల్పమగు హార్మోనును గూడ కొలుచు పద్ధతి ఏర్పడెను. నేడు థైరాయిడు మొదలగు రక్తపరీక్షలకు మూలము అదియే. 1977లో నోబెల్ బహుమానము వచ్చుసరికి బెర్సన్ మరణించి అయిదేండ్లైనది. ఆమె ఆ సభలో, త్రిప్పి పంపిన ఆ లేఖను దాచియుంచి చూపినది. యువకుల వ్యాసములు తిరిగివచ్చినపుడు దీనిని జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక.

రెండవది డొరోతీ హాడ్జికిన్ కథ. 1935లో ఇరువదినాలుగేండ్ల వయసున ఆమె ఇన్సులిను స్ఫటికమునకు ఎక్స్‌రే చిత్రము తీసెను. దాని నిర్మాణము పూర్తిగ తెలిసినది 1969లో, అనగా ముప్పదినాలుగేండ్లకు. ఆ పనిలో ఆమెకు తోడ్పడిన యువకులలో భారతీయుడగు ఎం. విజయన్ ఒకడు. ఆ వ్యాసముపై శిష్యుల పేర్లన్నియు గలవు. విజయన్ 1971లో స్వదేశమునకు వచ్చి బెంగుళూరు విజ్ఞానమందిరములో చేరి, ఈ దేశమున ఆ విద్యకు మొదలు నాటి, పెక్కుమంది శిష్యులను తయారుచేసెను. గురువు ఋణమును గురువునకే తీర్చ నక్కరలేదు. తరువాతి శిష్యునకు తీర్చినను చెల్లినట్లే. ఆ పద్దు ఒక్కటే ఎన్నడును మూతపడరాదు.

ఐరోపా ఖండమున మధుమేహ శాస్త్రజ్ఞుల సంఘము 1965లో ఏర్పడెను. అది యువశాస్త్రజ్ఞుల కిచ్చు బహుమానమునకు మింకౌస్కీ పేరు పెట్టబడినది. ముప్పదియొక్క యేండ్ల వయసున ఆతడు చేసిన పనికి ఇంతకంటె తగిన జ్ఞాపకచిహ్నము లేదు. ఈ దేశమున మధుమేహాధ్యయన పరిశోధన సంఘము 1972లో స్థాపింపబడినది. చిన్నవారు పెద్దల యెదుట నిలిచి తమ పనిని చెప్పి, ప్రశ్నలకు తామే జవాబు చెప్ప నేర్చుట ఇట్టి సంఘముల సభలలోనే. న్యూహేవెనులో బాంటింగునకు లేనిది ఈ అభ్యాసమే.

ఇక ఈ గ్రామమునకు సంబంధించిన మాట. ఒక పిల్లవాడో, పిల్లయో వినాళగ్రంథుల వైద్యమున నిపుణులు కావలెనన్నచో మొదటి వైద్యపట్టమునకు అయిదున్నర యేండ్లు, దానిపై మూడేండ్లు, ఆపై మరి మూడేండ్లు పట్టును. నడుమ ప్రవేశపరీక్షలకు పోవు కాలము వేరు. అప్పటికి వయస్సు ముప్పది. ప్రయోగశాల మార్గమున పోవువారికి ప్రభుత్వము వేతన మిచ్చును; 2023 జనవరి నుండి మొదటి రెండేండ్లకు నెలకు 37,000 రూపాయలుగ నిర్ణయించిరి. ఇంత చదివి యింతేనా యని తలిదండ్రులు నిట్టూర్చుట సహజము. తోటివారు నర్సింగుహోములు కట్టుచుండగా తమ బిడ్డ కుండీలలో కణములను పెంచుచు, ఎలుకల రక్తములో చక్కెరను కొలుచుచు గూర్చుండుట చూచువారికి వెఱ్ఱిగ దోచును. ఆడపిల్లయైనచో, ఇక చాలించి పెండ్లి చేసికొమ్మను మాట ప్రతి పండుగకును వినవలెను. బాంటింగు తొలి నెల సంపాదన నాలుగు డాలర్లని అట్టి యింటిలో ఎవరైన నొకరు చెప్పగలిగిన మేలు. పరిశోధకుని మొదటి పోషకుడు విశ్వవిద్యాలయము కాదు, ప్రభుత్వమును గాదు. కొన్ని యేండ్లు ఓర్చుకొనగల యిల్లు.

గ్రామము చేయదగిన రెండవ పనియు గలదు. మొదట చెప్పిన 10 కోట్ల 10 లక్షలను అంకె ఎక్కడనో మేడలో గూర్చుండి వ్రాసినది కాదు. పట్టణములలోను, పల్లెలలోను ఇంటింటికి దిరిగి, ప్రశ్నలడిగి, రక్తము పరీక్షించి కూర్చినది. అట్టివారు వాకిట నిలిచినపుడు, వారు వచ్చిన పని యేమియో, రక్తమెందులకో, ఫలితము తమకు తెలుపుదురో లేదో యడిగి తెలిసికొనుట గృహస్థుని హక్కు. ఇష్టము లేనిచో కాదనుటయు హక్కే. ఒప్పుకొనిన పిదప నిజము చెప్పుట ధర్మము. ఎన్ని ముద్దలు తినుచున్నది, మందు మానివేసినది లేనిది సిగ్గుపడి దాచినచో ఆ యువకుని లెక్క తప్పును. ఆ లెక్కను నమ్మి ఇచ్చు మందు మరొకని యింట తప్పును.

మూడవ పని ఈ గ్రంథాలయముదే. క్లోమమందలి లంకలు ఒక విద్యార్థి వ్యాసములో ఇరువదినాలుగేండ్లు దాగియుండెను. బాంటింగు తలపు ఒక పత్రికనుండి పుట్టెను. వ్రాసినవానికి ఎవరు చదువుదురో తెలియదు. చదువువానికి ఏ పుట తన బ్రతుకు మార్చునో తెలియదు. ఇద్దరి నడుమ నిలిచి దీపము వెలిగించి తలుపు తెరచియుంచునది గ్రంథాలయము. ఇరువదియైదేండ్లుగ ఈ తలుపు తెరచియున్నది. కథలు, పురాణములు, వార్తాపత్రికలు చక్కగ నిండియున్న ఈ బీరువాల సరసన విజ్ఞానశాస్త్రమునకు ఒక బీరువా, తెలుగు వైజ్ఞానిక పత్రికలకు ఒక బల్ల, ఉన్నత పాఠశాల పిల్లలు సాయంత్రము గూర్చుండుటకు నాలుగు కుర్చీలు రజతోత్సవ జ్ఞాపకముగ చేరినచో అదియే నిజమగు రజతము.

లెనార్డు థాంప్సను పదమూడేండ్లు అదనముగ బ్రతికెను. నేడు ఇన్సులిను సకాలమున లభించు పిల్లలు పెరిగి పెద్దలై, మనుమలను గూడ చూచుచున్నారు. ఆ ఆయుర్దాయమంతయు కొందరు యువకుల నిద్రలేని రాత్రులనుండి వచ్చినది. వారిని నిలిపినవారికి అందులో వాటా గలదు: గది యిచ్చినవానికి, జీత మిచ్చినవానికి, తప్పు దిద్దినవానికి, పత్రికను బల్లపై నుంచినవానికి. మధుమేహమును పూర్తిగ మాన్పు మందు ఇంకను దొరకలేదు. దానిని కనుగొనబోవువారు నేడు ఏ గ్రామములోనో పలకపై అక్షరములు దిద్దుచుండవచ్చును. వారి కొరకు ఈ తలుపు తెరచియుండుగాక.